ఒక మూల దులుపలే

ఏనుమాముల మార్కెట్ వెనక గల్లీల
మా అంగన్‌వాడీ.
కిటికీ బయట దానిమ్మ కొమ్మకు
దగ్గుమందు సీస తలకిందులుగ కట్టిన.
మూతికి ఎర్ర రబ్బరు బ్యాండు,
పువ్వనుకోవాలని.

నాలుగు చెంచల నీళ్ళకు ఒక చెంచ చక్కెర.
బెల్లం వద్దు, తేనె వద్దు, రంగు అసలే వద్దు.
రెండు రోజులకోసారి పారబోసి
వేడినీళ్ళతోని కడిగి మళ్ళ నింపాలె.
ఇది ఏ ట్రైనింగుల చెప్పలే.
పులిసిన నీళ్ళ వాసన చూసి
నాకు నేనే నేర్చుకున్న.

కార్తీకం ఎల్లినంక చలి మొదలైంది.
పొద్దున తాళం తీసేసరికి
సీస మీద అది ముందే ఉంటది,
తేనెపిట్ట.
ఎండకాలం నల్లగ నిగనిగలాడిన మగది
ఊదరంగంతా రాల్చుకుని
గొంతు మీద ఒక్క నల్లగీత మిగుల్చుకున్నది,
ఎవరో సగం తుడిచి వదిలేసిన పలక లెక్క.

నా దగ్గర ముప్పై ఒక్కమంది పిల్లలు.
అందరి బరువు రిజిస్టర్ల ఉంటది.
దీన్ని తూచే కాంట లేదు.
రెండు రూపాయి బిళ్ళలు అరచేతుల పెట్టుకుని
ఇంతే ఉండొచ్చు అనుకున్న.
ఇంత ఒంటికి, రాత్రంతా చలి.

డిసెంబరంతా గర్వంగనే ఉన్న.
నేను లేకుంటె చచ్చిపోతుండె అని
ఒకరిద్దరితోని అన్న కూడ.

అదే నెల సరూప కొడుకు మణిదీప్ చేరిండు.
వాళ్ళమ్మ మిర్చి యార్డుల ఊడుస్తది,
కొంగుకు, జుట్టుకు, నవ్వుకు కూడ ఘాటు.
పిల్లగానికి పొద్దున చాయ్‌ల బన్ను,
పగలు చాయ్‌ల బిస్కెటు.
ఉరుకుతడు, ఎగురుతడు, ఊకె ఉండడు.
జబ్బకు టేపు చుడితె
గీత పసుపుల ఆగింది, ఎరుపుకు గోరంత దూరంల.
"చక్కెరతోని ఉరుకుడొస్తది గని
ఒళ్ళు రాదు సరూపా" అన్న.
ఆ మాట నోట్లె ఉండంగనే
కిటికీ దిక్కు చూసిన.

తేనెపిట్ట సీస మీద లేదు.
చూరు కింద గాలిల నిలబడి
బూజుల నుంచి ఒక సాలీడును
సూదితోని దారం గుంజినట్టు గుంజి మింగింది.
ఇంకోటి.
తర్వాత అండ్ల చిక్కిన దోమ.
ఆడది గోడ పగులు పగులూ వెతుకుతున్నది,
నెలాఖరుల డబ్బాలన్ని తెరిచి చూసే ఇల్లాలు లెక్క.

సిగ్గయింది.
ప్రతి శనివారం బూజుకర్ర పట్టి
దాని గుడ్డు, దాని పప్పు
నేనే దులిపి పారేస్తున్న.
చేతికి చాయ్ గ్లాసిచ్చి
కంచం గుంజుకున్నట్టు.

ఆ మూల దులుపుడు బంద్ చేసిన.
మాగిన అరటి తొక్కలు పగిలిన కూజల వేసి
దానిమ్మ కింద పెట్టిన.
మూడు రోజులకు, ఆవగింజలకు రెక్కలొచ్చినట్టు
సన్న ఈగలు లేచినయి.
ఆయా మొగిలమ్మ ముక్కు మూసుకుని
"టీచరమ్మకు చలికి మతి తప్పింది" అన్నది.
తెల్లారి తనే
కుళ్ళిన జామపండు కొంగుల కట్టుకొచ్చింది.

జనవరిల సూపర్‌వైజర్ మేడమ్ వచ్చింది.
రిజిస్టరు చూసింది, గుడ్లు లెక్కపెట్టింది,
తలెత్తి బూజు చూసింది.
"ఇదేంది?"
ముప్పై మూడో పేరు మేడమ్,
రాసెటందుకు కాలమ్ లేదు,
అందామనుకున్న.
"వచ్చే వారం దులుపుత" అన్న.
అబద్ధమే.

మణిదీప్ ఇప్పుడు గుడ్డు తింటడు.
పచ్చసొన తీసి జేబుల వేసుకుంటడు.
"పిట్టకు" అంటడు.
పిట్ట గుడ్డు తినదురా అంటె నమ్మడు.
టేపు గీత ఇంక పసుపులనే ఉన్నది.
కొంచెం జరిగిందో,
నేనే సడలించి పట్టుకున్ననో.

శివరాత్రి ముందు వారం
మగదాని రొమ్ము మీద ఊద మచ్చలు మొలిచినయి,
సిరా కారిన అంగీ లెక్క.
ములుగు దిక్కు మోదుగ పూసిందని
బస్సుల వచ్చినోళ్ళు చెప్పిన్రు.
సీస కాడికి రెండు రోజులు ఎవరూ రాలే.
నేను లేకుంటె చచ్చిపోతుండె అన్న మాట
ఒక్కదాన్నే ఉన్నప్పుడు వాపసు తీసుకున్న.

సీస కడిగి కిటికీల బోర్లించిన.
బూజు కూడ సగం పోయింది.
ఆడదే ఎత్తుకపోయింది, గూటికి,
పోగు పోగు.
మిగిలిన సగం జోలికి
ఈ శనివారం కూడ కర్ర పోలే.